చివరగా వేరుపడిన దేశం: నజర్బాయెవ్ కట్టిన కజకిస్తాన్

(హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర మా కాలనీ గ్రంథాలయంలో జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు అడిగితే రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. ఆపుదామంటే ఉక్కపోత. సరే, నేనే కాస్త గట్టిగా మాట్లాడతాను.

ఈ సభ గురించి వాట్సాప్‌లో చూసి ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. "ఏమయ్యా, కజకిస్తాన్ గొడవ మనకెందుకు?" అన్నాడు. ఎందుకో చెప్తాను. మనం కూర్చున్న ఈ చోటుకు కూతవేటు దూరంలో ఎన్ఎఫ్‌సీ, అంటే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది. దేశంలోని అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనం తయారయ్యేది అక్కడే. అక్కడ పనిచేసి రిటైరైనవాళ్లు ఈ హాల్లోనే నలుగురైదుగురు కనబడుతున్నారు. బయటి నుంచి మనం తెచ్చుకునే యురేనియంలో కజకిస్తాన్ నుంచి వచ్చిందీ ఉంది. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ దేశపు మొదటి అధ్యక్షుడు నజర్బాయెవ్ గురించి. ఆయన 2009లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌కు ముఖ్య అతిథిగా వచ్చారు, యురేనియం సరఫరా మీద మనవాళ్లతో ఒప్పందం కుదిరింది కూడా ఆ పర్యటనలోనే. ఇక రెండో సంగతి, మన పిల్లలు. ఎంబీబీఎస్ కోసం అల్మాటీకి, సెమేయ్‌కి పంపిస్తున్నాం కదా. ఆ సెమేయ్ అన్న ఊరి గురించి తర్వాత వివరంగా చెప్పాల్సి ఉంది. అందుకని, మనకు సంబంధం లేని దేశమేమీ కాదు.

ముందు ఒక ప్రశ్న. సోవియట్ యూనియన్ 1991లో విడిపోయింది, పదిహేను దేశాలైంది. బాగానే ఉంది. ఆ పదిహేనులో అందరికన్నా చివర స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది ఎవరు? కజకిస్తాన్. 1991 డిసెంబర్ 16. రష్యా పార్లమెంటు డిసెంబర్ 12నే యూనియన్ ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. అంటే రష్యాయే బయటికి పోయాక కూడా నాలుగు రోజులపాటు కజకిస్తాన్ ఒక్కటే సోవియట్ యూనియన్‌గా మిగిలిందన్నమాట! ఈ మాట అక్కడివాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు.

ఎందుకంత ఆలస్యం? స్వాతంత్ర్యం మీద ప్రేమ లేకనా? కాదు. భయం. ఆ భయం అర్థమైతేనే నజర్బాయెవ్ అర్థమవుతాడు.

1989 జనాభా లెక్కలు చూడండి. సుమారు కోటీ అరవై అయిదు లక్షల మంది. అందులో కజక్కులు దాదాపు 40 శాతం. రష్యన్లు దాదాపు 38 శాతం. తమ పేరు మీద ఉన్న దేశంలో తామే సగం కూడా లేరు! ఎందుకలా? 1930ల మొదట్లో బలవంతపు సమష్టి వ్యవసాయం పేరుతో సంచార జాతి ప్రజల దగ్గర పశువులన్నీ లాక్కున్నారు. కరువొచ్చింది. పదిహేను లక్షల మంది చనిపోయారని అంచనా, వాళ్లలో ఎక్కువమంది కజక్కులే. ఆ తర్వాత స్టాలిన్ కొరియన్లను, వోల్గా జర్మన్లను, చెచెన్లను రైళ్లలో కుక్కి అక్కడికి తోలాడు. 1954 నుంచి క్రుశ్చేవ్ బీడు భూములు దున్నిస్తానని లక్షల మందిని ఉత్తరాది జిల్లాలకు పంపాడు. అలా అది సోవియట్ సామ్రాజ్యం మొత్తం తలా కొంచెం వచ్చి కూర్చున్న నేల అయిపోయింది. పక్కనేమో రష్యాతో ఏడున్నర వేల కిలోమీటర్ల సరిహద్దు. 1990లోనే సోల్జెనిత్సిన్ అంతటి రచయిత, ఉత్తర కజకిస్తాన్ రష్యాకే చెందాలని రాశాడు. అల్మాటీలో జనం రోడ్డెక్కారు దాని మీద.

ఇప్పుడు మీరే నజర్బాయెవ్ స్థానంలో ఉన్నారనుకోండి. జెండా ఎగరేసి, మా దేశం మా ఇష్టం అని ఉపన్యాసం ఇస్తే ఏమవుతుంది? యుగోస్లావియాలో జాతుల మధ్య యుద్ధం మొదలై ఏమైందో అప్పుడు ప్రతి సాయంత్రం టీవీలో కనబడుతూనే ఉంది. ఆ మరుసటి ఏడే తజికిస్తాన్‌లో అంతర్యుద్ధం మొదలై అయిదేళ్లు నడిచింది.

ఈయన ఎక్కడి నుంచి వచ్చాడో రెండు ముక్కల్లో చెప్తాను. 1940లో అల్మాటీ దగ్గర చెమొల్గాన్ అనే పల్లెలో పుట్టాడు. తెమిర్తావ్ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నెస్ దగ్గర పనిచేశాడు. విశాఖ ఉక్కులో పనిచేసిన బంధువులు ఎవరికైనా ఉంటే అడగండి, బ్లాస్ట్ ఫర్నెస్ ముందు నిలబడటమంటే ఏమిటో. అక్కడి నుంచి పార్టీలోకి, 1984లో రిపబ్లిక్ ప్రధాని, 1989లో పార్టీ మొదటి కార్యదర్శి. పార్టీ మనిషి. అందులో దాపరికం లేదు. 1991 జులైలో సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్, రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ కూర్చుని, కొత్త యూనియన్ ఏర్పడితే దానికి ప్రధాని నజర్బాయెవే అనుకున్నారు కూడా. అంటే ఆయన యూనియన్ నిలబడాలని చివరిదాకా కోరుకున్న మనిషి. 1991 మార్చిలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో కజకిస్తాన్ జనం 94 శాతం యూనియన్ వైపే ఓటేశారు. అలాంటి మనిషి జాతి నిర్మాతగా ఎలా మారాడు? నన్నడిగితే, పరిస్థితి మార్చింది. మారడం తెలుసు ఆయనకు. అది చిన్న విద్య కాదు.

డిసెంబర్ 8న రష్యా, ఉక్రెయిన్, బెలారస్ నాయకులు ముగ్గురూ ఒక అడవి బంగళాలో కూర్చుని యూనియన్ ఇక లేదని సంతకాలు పెట్టారు. ముగ్గురూ స్లావు జాతివాళ్లే. మధ్యాసియా వాళ్లు ఒక్కరూ లేరు. ఇటు అయిదు దేశాలు, అటు మూడు దేశాలు అని రెండు గుంపులుగా చీలిపోయే ప్రమాదం నిజంగా ఉండింది. నజర్బాయెవ్ ఏం చేశాడు? అలగలేదు. డిసెంబర్ 21న అందరినీ అప్పటి రాజధాని అల్మా-అతాకు, అంటే ఇప్పటి అల్మాటీకి, పిలిపించాడు. పదకొండు రిపబ్లిక్కులు వచ్చి సంతకాలు చేశాయి. అంతకు ముందున్న సరిహద్దులే సరిహద్దులు, ఎవరూ గీతలు జరపకూడదు అన్నారు. ఆయన చేసిన పనుల్లో దీన్ని నేను చాలా పైన పెడతాను. ఎందుకంటే మిగతావన్నీ దాని మీద నిలబడ్డవే. తర్వాత చైనాతో 1994లో, రష్యాతో 2005లో సరిహద్దు ఒప్పందాలు విడివిడిగా, ఓపిగ్గా చేసుకున్నాడు. పేపర్ల వాళ్లు పెద్దగా పట్టించుకోని పని. రాజ్యం నిలబడేది మాత్రం అలాంటి వాటి మీదే.

సరే, ఇప్పుడు సెమేయ్ సంగతి.

సెమేయ్ పాత పేరు సెమీపలాతిన్స్క్. ఆ ఊరికి నూట యాభై కిలోమీటర్ల దూరంలో స్టెప్పీ మైదానంలో సోవియట్ల అణు పరీక్షా స్థలం ఉండేది. పాలిగన్ అంటారు అక్కడివాళ్లు. 1949 ఆగస్టు 29న మొదటి బాంబు. అప్పటి నుంచి 1989 దాకా, నలభై ఏళ్లలో, 456 పరీక్షలు. నాలుగు వందల యాభై ఆరు! మొదట్లో వందకు పైగా ఆరుబయటే పేల్చారు. చుట్టుపక్కల పల్లెలున్నాయి, గొర్రెలు మేస్తున్నాయి, పిల్లలు ఆడుకుంటున్నారు. వాళ్లకెవరూ ఏమీ చెప్పలేదు. క్యాన్సర్లు, అవకరాలతో పుట్టిన బిడ్డలు... దశాబ్దాలు ఎవరూ నోరెత్తడానికి లేదు.

1989 ఫిబ్రవరిలో ఒక భూగర్భ పరీక్ష జరిగినప్పుడు రేడియోధార్మిక వాయువు బయటికి లీకైంది. ఒల్జాస్ సులైమెనోవ్ అని కవి. ఎన్నికల్లో అభ్యర్థిగా టీవీలో మాట్లాడే అవకాశం వచ్చిందాయనకు. లైవ్ ప్రోగ్రాం. తన గురించి చెప్పుకోవాల్సిన చోట ఆ లీకు సంగతి బయటపెట్టి, ఫలానా రోజు అల్మా-అతాలో రచయితల సంఘం దగ్గరికి రండి అన్నాడు. వేలమంది వచ్చారు. ఆ రోజు పుట్టిందే నెవాడా-సెమీపలాతిన్స్క్ ఉద్యమం. అమెరికావాళ్లు పరీక్షలు చేసే నెవాడా పేరును కూడా కలిపి పెట్టుకున్నారు చూడండి, అక్కడి బాధితులూ మనవాళ్లే అన్నట్టు. కరగండా బొగ్గు గని కార్మికులు సమ్మె చేస్తామన్నారు. ఆ ఏడాది అక్టోబర్ తర్వాత అక్కడ ఇంకో పరీక్ష జరగలేదు.

ఇది ఎందుకు వివరంగా చెప్తున్నాను? పాలిగన్‌ను మూయించింది నజర్బాయెవ్ అని అన్ని చోట్లా రాస్తారు. నిజమే, 1991 ఆగస్టు 29న ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టింది ఆయనే. గోర్బచేవ్‌ను దించాలని మాస్కోలో జరిగిన కుట్ర విఫలమై వారం తిరిగిందో లేదో, సైన్యం అభ్యంతరం చెప్పగలిగే స్థితిలో లేదని చూసి పెట్టాడు. సమయం చూసి కొట్టడం అంటే అదీ. ఆ ధైర్యానికి ఆయనకు మార్కులు వేద్దాం. కానీ పరీక్షలు ఆగింది మాత్రం జనం వల్ల. కవి, గని కార్మికుడు, పల్లెటూరి డాక్టర్లు. సంతకానికి రెండేళ్ల ముందే ఆగాయి. ఐక్యరాజ్యసమితి ఇప్పుడు ఆగస్టు 29ని అణు పరీక్షల వ్యతిరేక దినంగా జరుపుతోంది.

పరీక్షా స్థలం మూశారు, మరి బాంబులో? అవి అక్కడే ఉన్నాయి. 1,400కు పైగా వ్యూహాత్మక వార్‌హెడ్లు, 104 ఎస్ఎస్-18 క్షిపణులు. ప్రపంచంలో నాలుగో పెద్ద అణు నిల్వ. ఇంగ్లండు, ఫ్రాన్సు, చైనాల కంటే ఎక్కువ! మీటలు మాస్కో చేతిలో ఉన్నాయనుకోండి, అది వేరే సంగతి. ఉంచుకోమన్నవాళ్లు లోపలా బయటా చాలామందే ఉన్నారు. ఈయన ఉంచుకోలేదు. 1995 ఏప్రిల్ నాటికి చివరి వార్‌హెడ్ రష్యాకు వెళ్లిపోయింది. 1994లో ఉస్త్-కామెనొగోర్స్క్ కర్మాగారంలో బాగా శుద్ధి చేసిన యురేనియం దాదాపు 600 కిలోలు పడి ఉంటే, అమెరికావాళ్లను రహస్యంగా రప్పించి విమానాల్లో పంపించేశారు. దానికి బదులుగా డబ్బొచ్చింది, పెట్టుబడులొచ్చాయి, రష్యా, అమెరికా, బ్రిటన్‌ల నుంచి భద్రతా హామీ వచ్చింది. అదే 1994 డిసెంబర్‌లో అదే హామీ ఉక్రెయిన్‌కూ ఇచ్చారు. ఆ కాగితం విలువ ఎంతో ఇవాళ మనందరికీ తెలుసు. అందుకే ఆనాడు ఇచ్చేయడం తెలివైన పనా, తెలివితక్కువ పనా అని అక్కడి కుర్రవాళ్లు ఇప్పుడు వాదించుకుంటున్నారు. నా మటుకు నాకు తెలివైన పనే అనిపిస్తుంది. మీటలు చేతిలో లేని బాంబులు పెట్టుకుని, పక్కన రష్యాను, చైనాను కూర్చోబెట్టుకుని, ఆ దేశం పదేళ్లు ప్రశాంతంగా ఉండేదా?

ఇప్పుడు డబ్బు సంగతి. డబ్బంటే నిజంగా నోట్లే.

స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లయినా కజకిస్తాన్‌లో చలామణీ అయ్యింది రూబులే. వేరు కాపురం పెట్టారు కానీ పొయ్యి మాత్రం పెద్దన్న ఇంట్లోనే. 1993 జులైలో రష్యా తన దగ్గరి పాత సోవియట్ నోట్లను రద్దు చేసింది. మరి ఆ చెల్లని నోట్లన్నీ ఎక్కడికి పోతాయి? ఇంకా చెల్లే చోటికి. సంచులకొద్దీ కజకిస్తాన్‌కు వచ్చిపడ్డాయి. ఆ ఏడాది ధరల పెరుగుదల 2,000 శాతం దాటింది. మన పెద్ద నోట్ల రద్దు గుర్తుందిగా? 2016 నవంబర్, ఏటీఎంల ముందు క్యూలు. వాళ్లకు అంతకంటే పెద్ద తలనొప్పి.

అందుకే చాటుగా తయారుచేసి పెట్టుకున్నారు. సొంత నోట్లను ఇంగ్లండులో అచ్చువేయించి, విమానాల్లో గుట్టుగా తెప్పించి, జిల్లాలకు చేరవేశారు. నవంబర్ 12న నజర్బాయెవ్ టీవీలో ప్రకటించాడు. 15 నుంచి తెంగే అమల్లోకి వచ్చింది. అయిదు వందల పాత రూబుళ్లకు ఒక తెంగే. మార్చుకోవడానికి వారం కూడా లేదు. మనిషికి లక్ష రూబుళ్ల దాకానే. జీవితాంతం దాచుకున్నవాళ్లు నష్టపోయారా? పోయారు. ముసలివాళ్ల పొదుపులు ధరల మంటలో అప్పటికే సగం బూడిదయ్యాయి, మిగిలింది ఇందులో పోయింది. దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ ఆ నోటుతోనే ఆ దేశానికి తన ఖజానా మీద పట్టు దొరికింది.

ఆ మొదటి నోట్ల మీద ఎవరి బొమ్మలో తెలుసా? ఒక తెంగే మీద అల్-ఫారాబీ, ఇరవై మీద మహాకవి అబాయ్, వంద మీద అబ్లై ఖాన్. బతికున్నవాడి బొమ్మ లేదు. గుర్తుపెట్టుకోండి, దీనికి మళ్లీ వస్తాను.

చమురు గురించి త్వరగా చెప్పేస్తాను, అందరికీ తెలిసిన కథే. 1993లో అమెరికా కంపెనీ షెవ్రాన్‌తో తెంగిజ్ చమురు క్షేత్రం ఒప్పందం, 2001లో నల్లసముద్రం దాకా పైపులైను. 1999 ప్రాంతంలో తలసరి ఆదాయం ఏడాదికి 1,500 డాలర్ల లోపు, 2013 నాటికి 13,000 దాటింది. చమురు డబ్బంతా తినేయకుండా 2000లో జాతీయ నిధి పెట్టారు. బొలాషక్ స్కాలర్‌షిప్ పేరుతో 1993 నుంచే, ఖజానా ఖాళీగా ఉన్న రోజుల్లోనే, పిల్లలను ప్రభుత్వ ఖర్చుతో విదేశీ యూనివర్సిటీలకు పంపారు. ఆయన చేసిన మంచిలో ఇది నాకు బాగా నచ్చింది.

రాజధాని గురించి మన తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు, రాజధాని గొడవల్లో మనకున్న అనుభవం ఎవరికుంది చెప్పండి! నవ్వకండి, నిజం. 1994 జులై 6న పార్లమెంటు తీర్మానం చేసింది, 1997 డిసెంబర్‌లో మారిపోయారు. మూడున్నరేళ్లు. అల్మాటీ చక్కటి ఊరు, పక్కనే మంచు కొండలు, ఆపిల్ తోటలు. దాన్ని వదిలి చలికాలం మైనస్ 30, మైనస్ 40కి పోయే అక్మోలాకు వెళ్దామంటే ఉద్యోగులు లబోదిబోమన్నారు. అల్మాటీకి భూకంపాల భయం, చైనా సరిహద్దు దగ్గర అని కారణాలు చెప్పారు. నోరు విప్పి చెప్పని కారణం, రష్యన్లు ఎక్కువున్న ఉత్తరాదిలో జెండా పాతడం. అది పనిచేసింది. 1998లో ఆ ఊరికి అస్తానా అని పేరు పెట్టారు.

అయితే, జులై 6 ఏమిటి? నజర్బాయెవ్ పుట్టినరోజు. తీర్మానం ఆ రోజు జరిగిందని తర్వాత రాజధాని దినోత్సవం కూడా జులై 6నే పెట్టారు. దేశమంతటికీ సెలవు. ఊరి మధ్యలో బైతెరెక్ టవర్ కట్టారు, పైకెక్కితే బంగారు పళ్లెంలో ఆయన అరచేతి ముద్ర ఉంటుంది. జనం అందులో చెయ్యిపెట్టి కోరికలు కోరుకుంటారు.

ఇక్కడి నుంచి కథ మారుతుంది. నిజానికి ముందు నుంచే మారుతోంది. 1995లో పార్లమెంటును రద్దు చేసి, ఎన్నిక లేకుండా ప్రజాభిప్రాయ సేకరణతో పదవీకాలం 2000 దాకా పొడిగించుకున్నాడు. మళ్లీ అదే ఏడాది అధికారమంతా అధ్యక్షుడి దగ్గర పోగుపడే కొత్త రాజ్యాంగం. 1999లో మాజీ ప్రధాని కజెగెల్దిన్‌ను పోటీయే చేయనివ్వలేదు. 2006లో ప్రతిపక్ష నాయకుడు సర్సెన్‌బాయెవ్‌ను, డ్రైవరుతో అంగరక్షకుడితో సహా, కాల్చి చంపారు. 2007లో మొదటి అధ్యక్షుడికి మాత్రం ఎన్నిసార్లయినా పోటీచేయొచ్చని రాజ్యాంగం మార్చారు. 2010లో ఎల్బాసీ, అంటే జాతి నాయకుడు అన్న హోదా, జీవితాంతం. 2015లో 97.7 శాతం ఓట్లు. అంత రావడం మీకు ప్రజాస్వామ్యంగా కనిపించకపోవచ్చు, కానీ నేను కల్పించుకుని తగ్గిస్తే అదే అప్రజాస్వామికం అవుతుంది కదా అన్నట్టు మాట్లాడాడు. ఎంత చమత్కారం!

2011 డిసెంబర్ 16. స్వాతంత్ర్యం వచ్చి సరిగ్గా ఇరవై ఏళ్లు. జానాఒజెన్ అనే చమురు పట్నంలో నెలల తరబడి సమ్మెలో ఉన్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదిహేను మందిదాకా చనిపోయారు. ఆ డిసెంబర్ 16 అన్న తేదీకే ఒక చరిత్ర ఉంది. 1986లో అదే తేదీన కజక్ నాయకుణ్ణి తీసేసి మాస్కో తన మనిషిని కూర్చోబెట్టింది, మరునాడు అల్మా-అతా చౌరస్తాలో విద్యార్థులు తిరగబడ్డారు, దెబ్బలు తిన్నారు. అప్పుడు రిపబ్లిక్ ప్రధానిగా ఉన్న నజర్బాయెవ్ ప్రభుత్వం వైపే ఉన్నాడు. తర్వాత ఆ తేదీయే స్వాతంత్ర్య దినమైంది. ఇరవై ఏళ్లకు అదే రోజున, ఈసారి సొంత పోలీసుల తూటాలు.

"ఆయన లేకపోతే ఆ దేశం ఉండేదా" అని అడిగేవాళ్లు ఉంటారు. నేనూ పక్కదేశాలు చూస్తాను. తుర్క్‌మెనిస్తాన్‌లో నియాజోవ్ నెలల పేర్లే మార్చేశాడు. ఉజ్బెకిస్తాన్‌లో 2005లో అందిజాన్‌లో వందలమందిని కాల్చేశారు. వాళ్లతో పోలిస్తే ఈయన మేలే. ఒప్పుకుంటాను. కానీ పోలిక ఎప్పుడూ కిందివాళ్లతోనే ఎందుకు పెట్టాలి?

2019 మార్చిలో తనంతట తానే రాజీనామా చేశాడు. అక్కడి చరిత్రలో అరుదైన సంగతి. కానీ దేశ భద్రతా మండలి అధ్యక్ష పదవి ఉంచుకున్నాడు, కూతురు సెనేట్ స్పీకరైంది, వారసుడు తొకాయెవ్ పదవిలోకి వస్తూనే రాజధానికి నజర్బాయెవ్ సొంత పేరే, నూర్-సుల్తాన్ అని పెట్టాడు. మూడేళ్లు తిరగలేదు. 2022 జనవరి 2న వాహనాల గ్యాసు ధర పెంచారని గొడవ మొదలైంది. ఎక్కడ? అదే జానాఒజెన్‌లో. మూడు రోజుల్లో దేశమంతా అంటుకుంది. అల్మాటీలో నగరపాలక భవనం తగలబడింది. తల్దీకొర్గాన్‌లో జనం తాళ్లు కట్టి ఆయన విగ్రహాన్ని పడదోశారు. 238 మంది చనిపోయారని అధికారిక లెక్క. వాళ్లు అరిచిన నినాదం "షాల్, కెత్!" ముసలాయనా, దిగిపో! గద్దె దిగి మూడేళ్లు కావస్తున్న మనిషిని పట్టుకుని దిగిపో అంటున్నారంటే, ఎవరి చేతిలో ఏముందో వాళ్లకు తెలియక కాదు.

ఆ ఏడాది జూన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి రాజ్యాంగం నుంచి ఎల్బాసీ హోదా తీసేశారు. సెప్టెంబర్‌లో ఊరి పేరు మళ్లీ అస్తానా అయింది. నజర్బాయెవ్ సోదరుడి కొడుకు జైలుకెళ్లాడు.

ఇందాక నోట్ల సంగతి గుర్తుపెట్టుకోమన్నాను. 2016లో, స్వాతంత్ర్యానికి పాతికేళ్లయిన సందర్భంగా పదివేల తెంగేల స్మారక నోటు వేశారు. దాని మీద నజర్బాయెవ్ బొమ్మ. 1993లో లేనిది అప్పటికి వచ్చేసింది. ఇప్పుడు చూడండి, ఆయన పేరూ బొమ్మా తగిలించినవి ఒకటొకటిగా పోతున్నాయి. సరిహద్దులు, తెంగే, అణ్వాయుధాలు వద్దన్న నిర్ణయం, అస్తానా రాజధాని, ఇవి ఎవరూ ముట్టుకోలేదు. తొకాయెవ్ ముట్టుకోలేదు, జనవరిలో రోడ్డెక్కిన జనమూ ముట్టుకోలేదు.

ఒక్క మాట చెప్పి ఆపుతాను. 2024 అక్టోబర్ 6న అక్కడ ఇంకో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. బల్ఖాష్ సరస్సు ఒడ్డున అణు విద్యుత్ కేంద్రం కట్టాలా వద్దా అని. 71 శాతం కట్టమన్నారని ప్రకటించారు. వద్దని ప్రచారం చేయబోయినవాళ్లను కొందరిని ముందే అదుపులోకి తీసుకున్నారు. మరుసటి ఏడు పని నడిపించే బాధ్యత రష్యా కంపెనీ రోసాటమ్‌కు ఇచ్చారు. 1989లో టీవీలో ఆ కవికి దొరికిన లాంటి అవకాశం ఈసారి వద్దన్నవాళ్లలో ఎంతమందికి దొరికిందన్నది నాకున్న అనుమానం. దీని మీద మీకు వేరే అభిప్రాయాలుంటాయి, చెప్పండి. ఎనిమిదింటికి హాలు ఖాళీ చేయాలట, ఇంకా ఇరవై నిమిషాలుంది. మైకు అటు పంపించండి.